నరకానికీ ఒక గడువుంది: ఓరుగల్లు కాలపు కథ, మన కాలపు ప్రశ్న



పోయిన వారం వీడియోలో ధర్మపురి యమధర్మరాజు గుడి గురించి మాట్లాడుకున్నాం. టైం సరిపోక అందులో ఒక విషయం వదిలేశాను. అది చెప్పడానికే ఈ పాఠం. కొంచెం పెద్దదే, తీరికగా చదవండి.

మనలో చాలామందికి ఎక్కడో ఒక మూల ఈ భయం ఉంటుంది: "నేనొక తప్పు చేశాను. దాన్ని ఇప్పుడు సరిదిద్దలేను. మరి నా పని అయిపోయినట్టేనా?" నరకం అనగానే మనకు గుర్తొచ్చేది సినిమాలో చూసిన నూనె బాణలి, కొరడా పట్టుకున్న యమభటుడు. ఆ బొమ్మలో ఒక ముఖ్యమైన సంగతి కనిపించదు. ఆ బాణలిలోంచి మనిషి ఎప్పుడు బయటికొస్తాడు? అసలు వస్తాడా?

వస్తాడు. మన పురాణాలు ఈ మాట గట్టిగా చెప్పాయి. కాకతీయుల కాలం నాటి తెలుగు కవులు దాన్ని పద్యాల్లో పెట్టి మన చేతికిచ్చారు. అందులో ఒక కథ ఇవాళ మీకు చెప్పాలి. ముందుగా, నాకు ఆ కథ ఎందుకు అవసరమైందో చెప్తాను.

గోదావరి ఒడ్డున అడిగిన ప్రశ్న

మాది బోయినపల్లి. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్ల కింద మా నాయనమ్మకు ఒంట్లో బాగాలేదని బాపు ఫోన్ చేశాడు. "తీరితే ఒకసారి వచ్చిపో రా, నిన్ను అడుగుతుంది" అన్నాడు. ఆ శుక్రవారం వస్తానన్నాను. పని పడింది. తర్వాతి శుక్రవారం అన్నాను. మళ్లీ పని పడింది. మూడో వారం గురువారం పొద్దున నాయనమ్మ పోయింది. నన్నెవరూ ఆపలేదు. అడిగితే రెండు రోజులు సెలవు ఇచ్చేవాళ్లే. నేనే అడగలేదు.

దినాలు ఊర్లోనే చేశారు. అస్తికలు గోదావరిలో కలపడానికి జగిత్యాల మీదుగా ధర్మపురి పోయాం. నరసింహస్వామి దర్శనం చేసుకుని, అదే ఆవరణలో ఉన్న యముడి గుడికి వెళ్లాం. అక్కడి గండదీపంలో బాపు నూనె పోశాడు. ధర్మపురికి వచ్చినవాడికి యమపురి ఉండదని మా దిక్కు పెద్దలు అంటారు. చిన్నప్పుడు ఆ మాట వింటే ధైర్యంగా ఉండేది. ఆ రోజు మాత్రం సిగ్గనిపించింది.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నప్పుడు అడిగాను: "బాపూ, నేను రాలే గదా. నాకు పాపం తాకుతదా?"

బాపు కొంచెంసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు: "తాకుతదో లేదో నాకేం ఎరుక రా. తాకితే మటుకు దానికో లెక్క ఉంటది. నువ్వు లెక్కకు మించి ఏడ్వకు."

బాపు పురాణాలు చదివిన మనిషి కాదు. కానీ ఆయన అన్న "లెక్క" అనే మాట నన్ను వదల్లేదు. అది వెతుక్కుంటూ పోతే మారన దగ్గర తేలాను.

ఒకే కాలం, రెండు దేశాలు

ముందు కొంచెం దూరం వెళ్లొద్దాం. క్రైస్తవంలో, ముఖ్యంగా కేథలిక్ సంప్రదాయంలో, స్వర్గానికీ నరకానికీ మధ్య మూడో చోటు ఒకటుంది. ఇంగ్లీషులో పర్గెటరీ అంటారు. మన తెలుగు కేథలిక్కులు ఉత్తరించు స్థలం అంటారు. నరకంలో పడినవాడికి అక్కడ విడుదల లేదు. ఉత్తరించు స్థలంలో ఉన్నవాడికి మాత్రం ఉంది. అతడు చేసిన తప్పులు కడుక్కోవాలి, కొంతకాలం బాధపడాలి, ఆ తర్వాత పైకి పోతాడు.

ఈ చోటును అందరికంటే గొప్పగా వర్ణించిన కవి ఇటలీకి చెందిన డాంటే. 1265లో పుట్టి 1321లో పోయాడు. ఆయన రాసిన డివైన్ కామెడీలో రెండో భాగం మొత్తం దీని గురించే. ఉత్తరించు స్థలం ఆయన కావ్యంలో ఒక కొండ. దానికి ఏడు అంచెలు, ఒక్కో అంచెలో ఒక్కో దోషం కరుగుతుంది. గర్వపడ్డవాళ్లు వీపున పెద్ద రాళ్లు మోస్తూ నడుం వంచి నడుస్తారు. అసూయపడ్డవాళ్ల కనురెప్పలు ఇనుప తీగతో కుట్టేసి ఉంటాయి. కొండ ఎక్కబోతున్న డాంటే నుదుటి మీద దేవదూత "పి" అనే అక్షరం ఏడుసార్లు గీస్తాడు. ఇటాలియన్‌లో పాపానికి పెక్కాటో అని పేరు. అక్కడ కూడా మొదటి అక్షరం మన "ప"నే. ఒక్కో అంచె దాటినప్పుడల్లా ఒక్కో అక్షరం చెరిగిపోతుంది.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటి ఉంది. ఆ కొండ మీద ఎవరైనా ఒక ఆత్మ శిక్ష పూర్తి చేసుకుని విడుదలైతే కొండంతా కంపిస్తుంది. ఇంకా బాధ పడుతున్నవాళ్లందరూ ఒక్కసారిగా సంతోషంతో దేవుణ్ణి కీర్తిస్తారు. తమ గడువు ఇంకా మిగిలే ఉంది, అయినా పక్కవాడు బయటపడ్డాడని వాళ్లకు ఆనందం.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. డాంటే కాలంలో ఓరుగల్లులో రాజు ప్రతాపరుద్రుడు. 1323లో ఓరుగల్లు పడిపోయేదాకా ఆయనే రాజు. ఆయన సేనాని గన్నయకు మారన అనే కవి మార్కండేయ పురాణాన్ని తెలుగులో రాసి అంకితమిచ్చాడు. మారన తిక్కనకు శిష్యుడు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన మొదటి పురాణంగా ఈ పుస్తకాన్ని చెబుతారు. తర్వాత పెద్దన మనుచరిత్రకు తీసుకున్న వరూధినీ ప్రవరుల కథ ఇందులోదే. హరిశ్చంద్రుడి కథ కూడా ఇందులో ఉంది.

డాంటే గురించి మారనకు తెలియదు, మారన గురించి డాంటేకు తెలియదు. రెండు దేశాల మనుషులూ ఒకే కాలంలో ఒకే ప్రశ్న అడిగారు: శిక్షకు అంతం ఉందా? శిక్ష పడుతున్నవాడికి ఇంకొకరు సాయం చేయొచ్చా?

మన నరకం ఎలాంటిది?

మనం నరకం అనే మాట వాడతాం కాబట్టి అదీ ఇంగ్లీషు హెల్ లాంటిదే అనుకుంటాం. పని తీరు చూస్తే మన నరకం ఉత్తరించు స్థలానికే దగ్గర చుట్టం. అక్కడికి వెళ్తాం, అనుభవిస్తాం, మిగిలిన పుణ్యపాపాలతో మళ్లీ పుడతాం. మధ్వాచార్యుల సంప్రదాయంలో కొందరు జీవులకు ఎప్పటికీ విడుదల లేదనే అభిప్రాయం ఉంది. మిగతా దారులన్నీ దాదాపుగా నరకం ముగిసిపోయేదే అంటాయి.

తెలుగు భాగవతం అయిదో స్కంధం చివర్లో నరకాల వర్ణన ఉంటుంది. భాగవతంలో చెప్పినవి ఇరవై ఎనిమిది. తామిస్రం, రౌరవం, కుంభీపాకం, కాలసూత్రం, అసిపత్రవనం ఇలాంటివి. (భాగవతమంతా పోతనే రాశాడనుకుంటాం. ఈ అయిదో స్కంధం తెనిగించింది గంగన, ఆరోది ఏర్చూరి సింగన.) వాటిలో సూచీముఖం అని ఒకటుంది. డబ్బు గర్వంతో ఎవర్నీ నమ్మకుండా, ఎవరికీ పెట్టకుండా దాచుకున్నవాడు అక్కడికి వెళ్తాడు. యమభటులు వాడి ఒళ్లంతా నేతగాళ్లలా దారాలతో కుట్టేస్తారట. మా సిరిసిల్ల దిక్కు పుట్టినవాళ్లకు ఈ పోలిక చదవగానే మగ్గం కనిపిస్తుంది. డాంటే అసూయపరుల కళ్లు తీగతో కుట్టించాడు, మనవాళ్లు పిసినారి ఒళ్లు దారంతో కుట్టించారు.

శిక్షలు భయంకరంగానే ఉన్నాయి. కానీ ఒక్కో శిక్ష ఒక్కో తప్పుకు సరిపోయేట్టు ఉంది. ఇంత తప్పుకు ఇంత అని కొలత ఉంది. ఆ స్కంధం ముగింపులో శుకుడు చెప్పేది కూడా అదే: ఇవన్నీ అనుభవించాక జీవుడు మళ్లీ జన్మకు వస్తాడు. బాపు అన్న లెక్క ఇదే కాబోలు.

తిక్కన ముగించిన భారతంలో, స్వర్గారోహణ పర్వంలో, ఇంకో ఆశ్చర్యం ఉంది. ధర్మరాజు స్వర్గానికి వెళ్లి చూస్తే అక్కడ దుర్యోధనుడు దర్జాగా కూర్చుని ఉంటాడు. తమ్ముళ్లు, ద్రౌపది, కర్ణుడు కనిపించరు. వాళ్ల దగ్గరికి తీసుకెళ్లమంటే దేవదూత ఆయన్ను చీకటి, దుర్గంధం నిండిన దారిలోకి తీసుకెళ్తాడు. వాసన భరించలేక ధర్మరాజు వెనక్కి తిరగబోతే చీకట్లోంచి గొంతులు వినిపిస్తాయి: కాసేపు ఉండవా, నీ మీదినుంచి వచ్చే గాలికి మా బాధ తగ్గుతోంది అని. మీరెవరని అడిగితే ఒక్కొక్కరూ పేరు చెప్తారు. కర్ణుడు, భీముడు, అర్జునుడు, నకులుడు, సహదేవుడు, ద్రౌపది. అప్పుడు ధర్మరాజు నేనిక్కడే ఉంటాను, నువ్వు వెళ్లు అని దూతను పంపించేస్తాడు.

తర్వాత ఇంద్రుడు వచ్చి రెండు విషయాలు చెప్తాడు. అశ్వత్థామ విషయంలో ద్రోణుణ్ణి మోసపుచ్చినందుకు ఆయనకు కూడా కాసేపు నరకం చూడాల్సి వచ్చింది. రెండోది, మంచి ఎక్కువ చేసినవాడు ముందు నరకం అనుభవించి తర్వాత స్వర్గానికి వస్తాడు, చెడు ఎక్కువ చేసినవాడు ముందు స్వర్గం అనుభవించి తర్వాత నరకానికి పోతాడు. అంటే ఎవరైనా ఇప్పుడు బాధలో ఉన్నంత మాత్రాన వాళ్లు చెడ్డవాళ్లని మనం తేల్చలేం. ఎవరైనా సుఖంగా ఉన్నంత మాత్రాన మంచివాళ్లనీ తేల్చలేం.

విపశ్చిత్తు కథ

ఇప్పుడు అసలు కథ. మార్కండేయ పురాణంలో సుమతి అనే బ్రాహ్మణ కుర్రాడుంటాడు. చూడ్డానికి మందమతిలా ఉంటాడు, నిజానికి పూర్వజన్మలన్నీ గుర్తున్నవాడు. చదువుకో అని తండ్రి ఎంత చెప్పినా ఊరుకుని, చివరికి తన అనుభవం చెప్తాడు. ఏడు జన్మల కింద తానొక వైశ్యుడు. నీళ్లు తాగడానికి వచ్చిన ఆవుల్ని అడ్డగించాడు. ఆ పాపానికి నరకంలో పడ్డాడు. వందేళ్లకు పైగా గడిచాక ఒక రోజు ఉన్నట్టుండి చల్లటి గాలి వచ్చింది. ఏమిటా అని చూస్తే ఒక మనిషి అటుగా నడిచి వెళ్తున్నాడు.

ఆయన పేరు విపశ్చిత్తు, విదేహ దేశపు రాజు. యజ్ఞాలు చేశాడు, దానాలు చేశాడు, అతిథిని ఉత్త చేతులతో పంపలేదు. నేనెందుకు ఇక్కడికి రావాల్సి వచ్చిందని ఆయనే యమభటుణ్ణి అడుగుతాడు. భటుడు మర్యాదగానే జవాబిస్తాడు. రాజుకు పీవరి అనే భార్య ఉండేది. ఇంకో భార్య మీద మోజుతో ఆమెను పట్టించుకోవాల్సిన సమయంలో పట్టించుకోలేదు. అదొక్కటే దోషం. ఆ ఒక్కదానికి నరకం చూడాల్సి వచ్చింది, అది అయిపోయింది, ఇక స్వర్గానికి పోదాం పదమంటాడు.

ఈ భాగం మొదటిసారి చదివినప్పుడు పుస్తకం పక్కన పెట్టేశాను. రాజు ఎవర్నీ చంపలేదు, దోచుకోలేదు. ఊరందరికీ మంచివాడే. తన ఇంట్లో తన కోసం ఎదురుచూసిన ఒక మనిషిని పట్టించుకోలేదు, అంతే. పురాణం దాన్ని చిన్న విషయమని వదిలేయలేదు, లెక్కలో రాసింది. నా రెండు శుక్రవారాలు కూడా అలాంటివే కదా అనిపించింది. మళ్లీ పుస్తకం తీయడానికి నాలుగు రోజులు పట్టింది.

రాజు బయల్దేరతాడు. వెంటనే నరకంలో ఉన్నవాళ్లందరూ అరుస్తారు: మహారాజా, ఒక్క క్షణం ఆగు, నీ ఒంటిని తాకి వచ్చే గాలి మా మంటల్ని చల్లారుస్తోంది. రాజు ఆశ్చర్యపోయి, నాలో అంత ఏముందని భటుణ్ణి అడుగుతాడు. దేవతలకు, పితరులకు, అతిథులకు, పనివాళ్లకు పెట్టాక మిగిలింది తిని పెరిగిన ఒళ్లు నీది, అందుకే ఆ గాలికి ఆ గుణం వచ్చిందని భటుడు చెప్తాడు.

అప్పుడు రాజు ఆగిపోతాడు. బాధలో ఉన్నవాళ్లకు ఊరట ఇవ్వడంలో ఉన్న సుఖం స్వర్గంలోనూ లేదు, బ్రహ్మలోకంలోనూ లేదు, నేను ఇక్కడే స్తంభంలా నిలబడతానంటాడు. యముడు, ఇంద్రుడు స్వయంగా వచ్చి పిలుస్తారు. వీళ్లు వాళ్ల కర్మ అనుభవిస్తున్నారు, నీ కర్మ నిన్ను స్వర్గానికి పిలుస్తోంది, నువ్వు వెళ్లాల్సిందే అని వాదిస్తారు. రాజు బదులుగా ఒకటే అడుగుతాడు: నా పుణ్యం ఎంతుందో చెప్పండి, అదంతా వీళ్లకిచ్చేస్తాను, వీళ్లను వదిలేయండి. ఇంద్రుడు ఒప్పుకుంటాడు. ఇలా ఇచ్చినందుకు నీ పుణ్యం ఇంకా పెరిగిందంటాడు. నరకవాసులు విడుదలై వాళ్ల వాళ్ల కర్మను బట్టి వేరే జన్మలకు వెళ్లిపోతారు. విష్ణువు రాజును తన లోకానికి తీసుకెళ్తాడు.

ఆ రోజు విడుదలైనవాళ్లలో ఒకడు సుమతి. అంటే ఈ కథ చెప్తున్నవాడు పైనుంచి చూసి చెప్పలేదు, ఆ మంటల్లో ఉండి ఆ గాలి తగిలినవాడు చెప్తున్నాడు.

రాజు దోషం ఏమిటో, దానికి విరుగుడు ఏమిటో ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఒక మనిషి దగ్గర ఉండాల్సినప్పుడు ఆయన లేడు, అది దోషం. వెళ్లిపోయే అవకాశం చేతికొచ్చినా బాధపడేవాళ్ల దగ్గర ఉండిపోయాడు, అది విరుగుడు. పీవరికి జరిగిన అన్యాయం దీనితో చెరిగిపోయిందని పురాణం ఎక్కడా చెప్పదు. కానీ ఆ మనిషి మారాడని మాత్రం మనకు కళ్లకు కడుతుంది.

బియ్యం ఇచ్చే రోజు

ఒకరి పుణ్యం ఇంకొకరికి పనికొస్తుందా అనే ప్రశ్న ఇక్కడ వస్తుంది. మన ఆచారాలన్నీ పనికొస్తుందనే అంటాయి. పోయినవాళ్లు ఏడాది పాటు యమపురి దారిలో నడుస్తారని, ఆ దారిలో పదహారు ఊళ్లుంటాయని, ఇక్కడ మనం పెట్టే మాసికాలే వాళ్లకు అక్కడ తిండి అని గరుడ పురాణం చెప్తుంది. మా తెలంగాణలో భాద్రపద అమావాస్యను పెత్రమాస అంటాం. పొద్దున పోయిన పెద్దల పేరు మీద బియ్యం ఇస్తాం. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పోయినవాళ్లను తలచుకున్న ఇంట్లోనే సాయంత్రం పూలు పేరుస్తారు. కేథలిక్కులకు కూడా ఇలాంటి రోజుంది. నవంబర్ 2న ఉత్తరించు స్థలంలోని ఆత్మల కోసం ప్రార్థిస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. శిక్ష తగ్గించుకోవచ్చు అనగానే దాన్ని డబ్బుతో కొనే ఆలోచన వస్తుంది. యూరప్‌లో శిక్ష తగ్గింపు పత్రాలు అమ్మకానికి పెట్టారు. దాని మీద మార్టిన్ లూథర్ 1517లో ఎదురు తిరిగాడు, పశ్చిమ క్రైస్తవం రెండుగా చీలడానికి అదొక కారణమైంది. మనవాళ్లు ఈ ప్రమాదాన్ని ముందే పసిగట్టారు. భాగవతం ఆరో స్కంధం మొదట్లో శుకుడు ప్రాయశ్చిత్తం చేసుకుంటే నరకం తప్పుతుందంటాడు. పరీక్షిత్తు వెంటనే అడ్డం తగులుతాడు: మనిషి ప్రాయశ్చిత్తం చేసుకుంటాడు, మళ్లీ అదే తప్పు చేస్తాడు, ఏనుగు స్నానం చేసి ఒడ్డుకొచ్చి ఒంటి మీద దుమ్ము పోసుకున్నట్టు, దానివల్ల ఏం లాభం? మంచి ప్రశ్న. మా భాషలో చెప్పాలంటే, బగ్ సరిచేయకుండా సర్వర్ రీస్టార్ట్ చేసినట్టు. ఒక గంట బాగానే నడుస్తుంది.

దానికి జవాబుగా శుకుడు చెప్పేదే అజామిళుడి కథ. చచ్చిపోయే ముందు కొడుకును "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలు వచ్చి కాపాడారు, ఇంతవరకే మనకు తెలుసు. తర్వాతి భాగం చాలామంది చెప్పరు. అజామిళుడు అప్పుడే వైకుంఠానికి వెళ్లలేదు. యమభటులు, విష్ణుదూతలు ఇద్దరూ వెళ్లిపోయాక ఆయన బతికే ఉన్నాడు. తాను చేసినవన్నీ తలచుకుని కుమిలిపోయాడు. ఇల్లు వదిలి గంగాద్వారానికి వెళ్లి సాధన చేశాడు. అక్కడ దేహం వదిలాక ఆ దూతలే మళ్లీ వచ్చి తీసుకెళ్లారు. నామం ఆయన తప్పుల్ని కాల్చేసింది, మారడానికి ఆయనకు టైం కూడా ఇచ్చింది. ఆ టైంని ఆయన వాడుకున్నాడు.

ధర్మపురి శేషప్ప కవి నరసింహ శతకంలో స్వామితో ఒక మాట మొరపెట్టుకుంటాడు. ప్రాణం పోయేటప్పుడు యమదూతలు ఎదురుగా నిలబడి, గొంతులో కఫం అడ్డుపడితే నీ పేరు గుర్తొస్తుందో రాదో, అందుకే ఇప్పుడే తలుచుకుంటున్నాను అని. చివరి నిమిషం మీద భారం వేయొద్దని ఆయన భావం. నాయనమ్మ విషయంలో నేను చేసింది సరిగ్గా అదే, చివరి నిమిషం మీద భారం వేశాను.

మరి ఇవాళ?

మన కాలంలో నరకం భయం తగ్గిందంటారు. నాకైతే గడువు లేని నరకాలు ఎక్కువయ్యాయనిపిస్తుంది. పద్దెనిమిదేళ్లప్పుడు ఎవరో రాసిన పిచ్చి పోస్టుకు స్క్రీన్‌షాట్ ఉంటుంది. పదేళ్ల తర్వాత కూడా దాన్ని బయటికి తీసి ఆ మనిషిని నిలబెడతాం. వాడు మారాడా లేదా అని ఎవరూ అడగరు. యముడి దగ్గర చిత్రగుప్తుడు రాసుకుంటాడు, కానీ ఆ పద్దు ఏదో ఒక రోజు మూస్తాడు. మన ఫోన్లలో పద్దు మూయడం ఉండదు.

బయటివాళ్లకు వేసే శిక్ష ఒకటైతే, మనకు మనం వేసుకునేది ఇంకొకటి. పరీక్ష పోయిందని, ప్రేమించిన మనిషిని మోసం చేశామని, అమ్మానాన్నల్ని బాధపెట్టామని లోపల ఒక కోర్టు పెట్టుకుంటాం. అక్కడ జడ్జి మనమే, ముద్దాయి మనమే, తీర్పు మాత్రం ఎప్పుడూ యావజ్జీవమే. "నాలాంటోడు గుడికి పోవడమేంటి" అని ఒక ఫ్రెండ్ నాతో అన్నాడు. పురాణంలో ఆవుల్ని నీళ్లు తాగనివ్వని మనిషికి కూడా విడుదల దొరికింది. నీకెందుకు దొరకదు?

దీన్ని తేలిగ్గా తీసుకోమని నేను చెప్పట్లేదు. మీకు ఎవరైనా అన్యాయం చేస్తే రేపే క్షమించేయాలని ఏ పురాణమూ అడగదు. నరకం ఉందని చెప్పిందంటేనే బాధపడ్డవాళ్ల బాధ నిజమని ఒప్పుకున్నట్టు. తప్పు చేసినవాడు దాని బరువు మోయాలి, మోయాల్సినంత మోయాలి. అది దాటి ఎప్పటికీ అనే మాట వాడే అధికారం మాత్రం మనకు లేదు. యముడే వాడలేదు.

ఎవరైనా ఆ బరువు మోస్తున్నప్పుడు మనం ఏం చేయగలం? విపశ్చిత్తు చేసింది చేయగలం. వాళ్ల శిక్ష మనం రద్దు చేయలేం. కాసేపు పక్కన నిలబడగలం. రాజు మొదట చేసింది అదొక్కటే, ఆగాడు. పుణ్యం ధారపోయడం తర్వాతి మాట.

నా సంగతి చెప్పి ముగిస్తాను. నాయనమ్మకు ఒక చెల్లెలుంది, మా వాడకట్టులోనే ఒక్కతే ఉంటుంది. చెవులు సరిగా వినబడవు, కాబట్టి ఫోన్లో మాట్లాడటం కుదరదు. ఊరికి పోయినప్పుడల్లా ఆమె దగ్గర ఒక గంట కూర్చుంటున్నాను. మొదటిసారి పోయినప్పుడు, నాయనమ్మ చివర్లో నా గురించి ఏమన్నదని గట్టిగా అరిచి అడిగాను. "పనుంటది పోరగానికి, వాన్ని ఏమనకుండ్రి అన్నది మా అక్క" అని చెప్పింది. ఆ మాట విన్నాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. నాయనమ్మ ఏనాడో పద్దు మూసేసింది. నేనే ఇంకా తెరిచి పెట్టుకున్నాను.

తప్పు తప్పే. ఆ రెండు శుక్రవారాలు తిరిగి రావు. కానీ బాపు చెప్పినట్టు, లెక్కకు మించి ఏడవడం మానేశాను. మిగిలిన టైంలో ఆ గంట కూర్చోవడం మొదలుపెట్టాను.

ఈ వారం మన అభ్యాసం

ఎప్పటిలాగే మూడు ప్రశ్నలు. జవాబులు ఎవరికీ చూపించాల్సిన పని లేదు, మీ నోట్‌బుక్‌లో రాసుకోండి.

1. మీరు ఎవరికైనా గడువు లేని శిక్ష వేసి ఉన్నారా? అతను లేదా ఆమె చేసిన తప్పుకు సరిపోయే శిక్ష ఎంత ఉండాలి? అది ఇప్పటికే దాటిపోయిందా?

2. విపశ్చిత్తుకు పీవరిలా, మీ ఇంట్లో మీ కోసం ఎదురుచూస్తున్న మనిషి ఎవరు? ఈ శుక్రవారం మీ పని ఏమిటి?

3. మీకు తెలిసినవాళ్లలో ఇప్పుడు కష్టంలో ఉన్నదెవరు? సలహా ఏమీ ఇవ్వకుండా వాళ్ల పక్కన ఒక గంట కూర్చోగలరా?

వీలైతే ఈసారి పెత్రమాసకు మీ పెద్దల పేరు మీద బియ్యం ఇచ్చేటప్పుడు, ఎవరూ తలుచుకోనివాళ్ల కోసం కూడా ఒక పిడికెడు ఎక్కువ వేయండి. ధర్మపురి వెళ్తే గండదీపంలో మీ పేరు మీద కాకుండా ఇంకెవరి పేరు మీదైనా నూనె పోయండి.

వచ్చే వారం వీడియోలో అజామిళుడి కథ పూర్తిగా, గంగాద్వారం దాకా చెప్పుకుందాం.

ధర్మపురి లక్ష్మీనరసింహస్వామి మనందరికీ తోడుండాలి. సెలవు.